పేరులో 1 లేని పాటలు ఎలా పోయాయి?

ఉత్తర తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్న సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది, కుదించి ఇస్తున్నాను.

ఆరేళ్లుగా ఆమె షాపుకు వచ్చేవాళ్లు వాట్సాప్‌లో కాగితాలు పంపుతున్నారు, ఆమె ప్రింటు తీసి ఇస్తోంది. ఆధార్, పాన్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఏది పంపినా అది కంప్యూటర్‌లోనే మిగిలిపోయింది. మొన్న ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, "అక్కా, నా ఆధార్ మీ దగ్గర ఇంకా ఉందా? నా పేరు మీద ఎవరో లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నారు" అని అడిగింది. నింద వేయలేదు, అడిగిందంతే. వెతికితే ఆ అమ్మాయి ఆధార్ రెండు చోట్ల దొరికింది. ఆ రాత్రి ఈమెకు నిద్ర పట్టలేదు. డెస్క్‌టాప్ మీద ఉన్న షాపు ఫోల్డర్‌లో ఇలాంటి ఫైళ్లు పద్నాలుగు వేలకు పైగా ఉన్నాయని తేలింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మరిదికి ఫోన్ చేసింది. "ఒక్కొక్కటి ఎక్కడ తీస్తావ్ వదినా, నల్ల విండో తెరిచి స్టార్ పెట్టి కొట్టు. స్కాన్లన్నిటికీ నంబర్లుంటాయి కదా, 1 నుంచి 9 దాకా ఒక్కో అంకెకు ఒకసారి కొడితే ఖతం" అన్నాడు. ఆమె ఆ నల్ల విండో, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైళ్లు తీసేసే డెల్ ఆజ్ఞ ఇచ్చింది: డెల్, *1*, స్లాష్ ఎస్ అని కొట్టింది. పోతున్న ఫైళ్ల పేర్లు స్క్రీన్ మీద పరుగెత్తాయి. ఆగాక చూస్తే పదకొండు వేలకు పైగా పోయాయి. భయపడి 2 దాకా వెళ్లలేదు.

అదే షాపు ఫోల్డర్ లోపల "అమ్మ" అనే ఫోల్డర్ ఉంది. మూడేళ్ల కింద చనిపోయిన తల్లి పాడిన పాటలు, 2020 అక్టోబరులో బతుకమ్మ పండుగకు ఫోన్‌లో రికార్డు చేసినవి, పదకొండు ఉండేవి. ఎనిమిది పోయాయి. జోలపాట, హారతి, "అమ్మ బతుకమ్మ పాట రెండోసారి" అన్న మూడే మిగిలాయి. పోయిన పాటల్లో దేని పేరులోనూ 1 లేదు. భర్త రాసుకున్న ఉద్దెర లెక్కల ఎక్సెల్ ఫైలు కూడా పోయింది, దాని పేరులోనూ 1 లేదు. రీసైకిల్ బిన్ ఖాళీ. "తెలియని పనిలో ఎందుకు వేలు పెట్టావ్" అని భర్త కోపం. "నేను చెప్పింది కరెక్టే, వదినే ఇంకేదో కొట్టింది" అని మరిది. భివండిలో ఉంటున్న అక్కకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. రెండు రోజులు అలాగే షాపు నడిపి, తర్వాత కంప్యూటర్ ఆపేసింది. పాటలు వస్తాయా, తప్పు ఎవరిది, మిగిలిన జనం కాగితాలు ఎలా తీయాలి అని అడుగుతోంది.

అమ్మా,

ముందుగా ఒక్క మాట. ఆ కంప్యూటర్ ఆపి మంచి పని చేశారు, అలాగే ఉంచండి. ఆన్ చేసి చూద్దామని కూడా అనుకోకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మీరు చివర్లో అడిగిన "తప్పు ఎవరిది" అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది అదే అనిపించింది. పైగా దానికి స్పష్టమైన జవాబుంది. మీరు ఇంకేదీ కొట్టలేదు, సరిగ్గా మరిది చెప్పిందే కొట్టారు. పాటలు పోయింది కూడా అందువల్లే. ఆ సంగతి ఆయనకూ తెలియదు. ఏళ్ల తరబడి కంప్యూటర్ల మీద పనిచేసినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

విండోస్‌లో ఒక్కో ఫైలుకు రెండు పేర్లు ఉండవచ్చు. ఒకటి మీరు పెట్టిన పేరు. రెండోది విండోస్ తనంతట తాను పెట్టుకునే పొట్టి పేరు, మామూలుగా కంటికి కనిపించదు. విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తర్వాత మూడే అక్షరాలు. 1995లో విండోస్ 95 పొడవు పేర్లు తెచ్చినప్పుడు, పాత సాఫ్ట్‌వేర్లు ఆగిపోకుండా ప్రతి పొడవు పేరుకూ లోపల ఒక పొట్టి పేరు తగిలించారు. ఆ అలవాటు ఇప్పటికీ సి డ్రైవ్‌లో మామూలుగా నడుస్తూనే ఉంది. పొట్టి పేరు తయారయ్యే పద్ధతి ఇది: ఖాళీలు తీసేసి, మొదటి ఆరు అక్షరాలు ఉంచి, చివర ఒక వంకర గీత, దాని పక్కన 1. అదే ఆరు అక్షరాలతో ఇంకో ఫైలు వస్తే దానికి 2.

ఇప్పుడు మీ ఫోల్డర్ చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో "అమ్మ బతుకమ్మ పాట" అని మీరు పెట్టిన ఫైలు, లోపల ఏ-ఎం-ఎం-ఏ-బి-ఏ, గీత, 1 అయింది. స్టార్ అంటే ఎన్ని అక్షరాలైనా, ఏవైనా సరే అని అర్థం. *1* అంటే పేరులో ఎక్కడ 1 ఉన్నా పట్టుకో అని. నల్ల విండో మీరు పెట్టిన పేరు ఒక్కటే చూడదు, పొట్టి పేరు కూడా చూస్తుంది. అందులో 1 కనిపించింది, ఫైలు తీసేసింది. ఉద్దెర లెక్కల ఫైలుకూ ఇదే జరిగింది.

మిగిలిన మూడు పాటలే దీనికి సాక్ష్యం. మీరు రాసిన పేర్లు నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. జోలపాట ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది అక్షరాలు, హారతి ఆరు. ఆ పేర్లే పొట్టివి కాబట్టి వాటికి వేరే పొట్టి పేరు పుట్టలేదు, 1 చేరలేదు. "రెండోసారి" అన్న పాటకు మొదటి ఆరు అక్షరాలు మొదటి పాటవే, అందుకని దానికి 2 వచ్చింది. మీరు భయపడి 2 దగ్గర ఆగిపోయారు కాబట్టే అది బతికింది. ఆ భయం మీ అమ్మగారి పాట ఒకటి కాపాడింది.

ఇది మరిదికి చూపించడం సులువు. తన ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ మీద ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో "అమ్మ బతుకమ్మ పాట" అని ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టి, నల్ల విండోలో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి డిర్ *1* కొట్టమనండి. డిర్ ఏదీ తీయదు, ఫైళ్ల జాబితా చూపిస్తుంది, అంతే. పేరులో 1 లేని ఫైలు జాబితాలో కనిపిస్తుంది. డిర్ స్లాష్ ఎక్స్ కొడితే పొట్టి పేరు కూడా పక్కనే కనిపిస్తుంది. దీన్ని వాదనగా పెట్టకండి, ఇద్దరూ కలిసి చూడండి. పాటలు తిరిగి తెచ్చే పనిలో ఆయన సాయం మీకు కావాలి. మీవారితో కూడా ఈ మాట మరిది నోటే చెప్పిస్తే మంచిది.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. నల్ల విండోలో డెల్‌కు ఉత్త స్టార్ ఇస్తే, అన్నీ పోతాయి, నిజంగానేనా అని ఒకసారి అడుగుతుంది. *1* ఇస్తే అడగదు. అక్కడ తీసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. స్లాష్ ఎస్ పెడితే లోపలి ఫోల్డర్లలోకి కూడా దిగుతుంది. ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చాయి మీకు. నేను డాస్ మీద పని నేర్చుకున్నవాణ్ణి. ఇన్నేళ్ల తర్వాత కూడా, ముందు డిర్ కొట్టకుండా డెల్ కొట్టను.

ఇక పాటల సంగతి. డెల్ కొడితే డిస్క్ మీద పాట చెరిగిపోదు. ఆ చోటు ఖాళీ అని విండోస్ రాసుకుంటుంది, అంతే. కొత్త ఫైలు వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాట అక్కడే ఉంటుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉంటే మీరు ఏమీ చేయకపోయినా విండోస్ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అందుకే ఆపి ఉంచమన్నాను. మీరు నడిపిన రెండు రోజుల్లో కొంత పోయి ఉండవచ్చు, కొంత మిగిలి ఉండవచ్చు. అయితే ఇదంతా పాత రకం, తిరిగే హార్డ్ డిస్క్ సంగతి. తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, ఎస్ఎస్‌డీ అయితే విండోస్ ఖాళీ అయిన చోటును దానికి చెప్పేస్తుంది, అది లోపల్లోపల తుడిచేసుకుంటుంది. అందులోంచి తిరిగి రావడం చాలా కష్టం. మీది 2017లో కొన్నదని, ఆన్ చేస్తే గరగర చప్పుడు వస్తుందని రాశారు. ఆ చప్పుడు హార్డ్ డిస్క్‌దే అయితే ఆశ పెట్టుకోవచ్చు.

డిస్క్ ముట్టుకోకముందు, ఖర్చు లేని చోట్లు రెండున్నాయి. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్ కాబట్టి, మీకు తెలియకుండానే అది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో చేరి ఉండే అవకాశం ఉంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో వన్‌డ్రైవ్ తెరిచి, అక్కడి రీసైకిల్ బిన్ చూడండి. మామూలు ఖాతాల్లో తీసేసినవి అక్కడ 30 రోజులు ఉంటాయి. మీరు డెల్ కొట్టి ఎన్ని రోజులైందో లెక్క చూసుకుని ఈ పని ఇవాళే చేయండి. రెండోది మీ అక్క ఫోన్. కొన్ని పాటలు అప్పట్లో ఆమెకు వాట్సాప్‌లో పంపినట్టు గుర్తు అన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అలా వచ్చిన ఆడియో ఫైళ్ల పేర్లు ఏ-యూ-డీ అక్షరాలతో మొదలై, పక్కనే తేదీ అంకెలుగా ఉంటాయి. ఫైల్ మేనేజర్‌లో 202010 అని వెతకమనండి, 2020 అక్టోబరువన్నీ బయటికొస్తాయి. మీరు పంపిన పాత ఫోన్ ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే, వాట్సాప్ ఆడియో ఫోల్డర్ లోపల సెంట్ అనే ఫోల్డర్‌లో పంపిన కాపీలు ఉండవచ్చు.

అవి దొరకకపోతే డిస్క్ దగ్గరికి వెళ్లాలి. ఇక్కడే మీ కష్టంలో అసలు చిక్కు ఉంది. అది మీరు గమనించినట్టు లేదు, అందుకే కాస్త నిదానంగా చెప్తాను. మీకు రెండు కోరికలున్నాయి. అమ్మ పాటలు తిరిగి రావాలి, జనం ఆధార్లు మళ్లీ ఎవరికీ దొరకకూడదు. రెండూ ఒకే డిస్క్ మీద, ఒకే రకంగా తీసేసి ఉన్నాయి. పాటలు తిరిగి వచ్చే స్థితిలో ఉంటే ఆధార్లు కూడా తిరిగి వస్తాయి. ఆధార్లు పూర్తిగా చెరిపేస్తే పాటలూ చెరిగిపోతాయి. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నదే మీ చేతిలో ఉన్న నిర్ణయం.

డిస్క్‌ను పట్నంలో డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడం ఒక దారి. పనితనం ఉన్నవాళ్లయితే పాటలు వచ్చే అవకాశం ఎక్కువ. కానీ మీ ఊరివాళ్ల పదకొండు వేల కాగితాలను ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో పెట్టినట్టవుతుంది. ఏ భయంతో మీరు ఈ పని మొదలుపెట్టారో ఆ భయమే ఇంకా పెద్దదవుతుంది. అలా ఇవ్వక తప్పకపోతే, మీ కళ్లముందే చేయమనండి. ఆడియో రకం ఫైళ్లు, ఎక్సెల్ ఫైళ్లు మాత్రమే తీయమనండి, డిస్క్‌తోనే ఇంటికి రండి.

నాకు నచ్చిన దారి, మీ మరిది వచ్చేదాకా ఆగడం. షాపు ఆగకూడదు కాబట్టి కంప్యూటర్‌లో కొత్త డిస్క్ వేయించి, విండోస్ కొత్తగా ఎక్కించి నడపండి. పాతది తీసి బీరువాలో పెట్టండి. ఆయన రాగానే దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే విండోస్ ఫైల్ రికవరీ అనే టూల్ ఉంది, 2020 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని ల్యాప్‌టాప్‌లో వేసుకోవాలి, మీ పాత డిస్క్‌లో కాదు. దొరికినవి కూడా వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి. ఆ టూల్ కూడా స్టార్ భాషే మాట్లాడుతుంది. ఫోన్ రికార్డింగులు ఎం4ఏ రకమైతే, స్టార్ చుక్క ఎం4ఏ అని ఇస్తే పాటల్లాంటివే వస్తాయి, ఆధార్ పీడీఎఫ్‌లు అక్కడే ఉండిపోతాయి. మిగిలిన మూడు పాటలు కూడా అప్పుడే రెండు చోట్ల కాపీ చేసుకోండి.

పాటలు వచ్చినా రాకపోయినా, ఇక చాలు అని మీరు అనుకున్న రోజున పాత డిస్క్‌ను తుడవండి. క్విక్ ఫార్మాట్ పనికిరాదు, అది కూడా పైపైనే. క్విక్ అన్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది, గంటలు పడుతుంది. ఎవరైనా తొందరపెట్టి "ఇప్పుడే ఫార్మాట్ కొట్టేద్దాం" అంటే ఒప్పుకోకండి. ఈ పని ముందు చేస్తే పాటల దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఇక ఇంకా తీయకుండా మిగిలిన మూడు వేల చిల్లర. కొత్త డిస్క్‌తో మొదలుపెడితే అవి పాతదాంట్లోనే ఉండిపోతాయి, పూర్తి ఫార్మాట్‌తో పోతాయి. అప్పుడు స్టార్లతో పనే లేదు. కానీ పింఛను తీసుకునే పెద్దవాళ్లు కొందరు "నా కాగితాలు నీ దగ్గరే ఉంచు బిడ్డా, ఊకె తెచ్చుడు నాతోని కాదు" అంటారని రాశారు. వాళ్లవి వెతికి పక్కన పెట్టాలంటే స్టార్ కావాలి. అందుకని ఆధార్ మీదే ఒక ఉదాహరణ చూపిస్తాను.

ఆధార్ అన్న మాటను మనవాళ్లు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, ఏ ఒకటా రెండా అన్న తేడాతో. నాలుగింటినీ పట్టాలని స్టార్, ఏ-డి-హెచ్, స్టార్, ఆర్, స్టార్ అని ఇచ్చారనుకోండి. ఆధార్లన్నీ వస్తాయి. వాటితో పాటు మాధురి రెజ్యూమె వస్తుంది, గంగాధర్ పెళ్లికార్డు వస్తుంది, రాధ పేరు తర్వాత ఎక్కడైనా ఆర్ అక్షరం ఉంటే అదీ వస్తుంది. మన పేర్లలో ధ ఎంత ఎక్కువో తెలుసు కదా. మరోపక్క, వాట్సాప్ ఇమేజ్ అని తేదీతో ఉన్న ఫొటో లోపల ఆధార్ కార్డే ఉన్నా ఆ వలకు చిక్కదు. స్టార్ పేరునే చూస్తుంది, లోపల ఏముందో దానికి తెలియదు. అందుకని ఎంత తెలివిగా రాసినా రెండు వైపులా తప్పు జరుగుతుంది, ఆ జాబితాను మనిషి కళ్లతో చదవాల్సిందే.

చదవడానికి తేలిక పద్ధతి: డెల్ బదులు అదే మాటలతో డిర్ కొట్టండి. జాబితా చివర ఎన్ని ఫైళ్లో అంకె వస్తుంది. మీరు నలభై ఉంటాయనుకుంటే నాలుగు వందలు వచ్చాయా, ఏదో తేడా ఉన్నట్టే. పేర్లన్నీ చూశాక, పైబాణం మీట నొక్కితే అదే వరస మళ్లీ వస్తుంది. అప్పుడు కూడా డెల్ వద్దంటాను. మూవ్‌తో వేరే ఫోల్డర్‌లోకి జరిపి వారం రోజులు చూడండి, ఎవరూ అడగకపోతే అప్పుడు తీయండి. మూవ్ లోపలి ఫోల్డర్లలోకి దిగదు కాబట్టి ఒక్కో ఫోల్డర్‌కు విడిగా కొట్టాలి. నల్ల విండో అంటేనే ఇప్పుడు గుండె దడ అయితే, మామూలు ఫోల్డర్ విండోలో పైన కుడివైపు వెతికే పెట్టెలో అదే స్టార్ మాట ఇచ్చి, వచ్చినవి చూసి తీయండి. సి డ్రైవ్ మీద అలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్ మీద తీస్తే మాత్రం బిన్‌లోకి వెళ్లవు. ఉత్త అంకెతో స్టార్ ఎప్పుడూ ఇవ్వకండి. చుక్క తర్వాత మూడక్షరాలు ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త, పొట్టి పేరు వల్లే పాత వర్డ్ ఫైళ్ల డాక్ అని ఇస్తే కొత్త వర్డ్ ఫైళ్ల డాక్స్ కూడా పోతుంది.

రేపటి నుంచి ఈ కుప్ప మళ్లీ పెరగకుండా చూడడం వీటన్నిటికన్నా తేలిక. విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ అని ఉంది. డౌన్‌లోడ్స్‌లో ఇన్ని రోజులుగా తెరవనివి తీసేయమని చెప్పవచ్చు, ఒక రోజు అని కూడా పెట్టవచ్చు. ఒక రోజు పెడితే, మర్నాడు వచ్చి "నిన్నటిదే ఇంకో కాపీ ఇవ్వు" అనేవాళ్లు మళ్లీ పంపాల్సి వస్తుంది, కొందరు విసుక్కుంటారు. 14 రోజులు పెడితే ఆ విసుగు తగ్గుతుంది, కానీ రెండు వారాల కాగితాలు ఎప్పుడూ మీ దగ్గర ఉంటాయి. మీ గిరాకీ మీకు తెలుసు, మీరే తేల్చుకోండి. మీ సొంత ఫైళ్లు మాత్రం ఆ కంప్యూటర్‌లోనే వద్దు. ఉంచమన్న పెద్దవాళ్ల కాగితాలు పాస్‌వర్డ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో, వాళ్లను అడిగి, పేరు రాసుకుని ఉంచండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలిన చోట అదే తీసి ఇవ్వండి.

మీరు చేయాలనుకున్న పని సరైన పని. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా, తీసుకున్న పని అయిపోయాక సమాచారం ఉంచుకోవద్దనే అంటుంది. ఎవరూ అడగకముందే మీకు ఆ బాధ్యత తోచింది.

ఆ కాలేజీ అమ్మాయి సంగతి మిగిలింది. ఆమె ఆధార్ మీ దగ్గర రెండు చోట్ల దొరికిందని చెప్పాలా వద్దా అని నలిగిపోతున్నారు. చెప్తే మీ మీద అనుమానం రావచ్చు, నలుగురికీ తెలిసి గిరాకీ కొంత తగ్గవచ్చు. చెప్పకపోతే, రేపు పోలీసులు ఎక్కడెక్కడ కాగితాలు ఇచ్చావని ఆమెను అడిగితే మీ పేరు ఎలాగూ వస్తుంది, అప్పుడు మీ మౌనం వేరేలా కనిపిస్తుంది. నేనైతే చెప్తాను. చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వడంలో తోడుంటాను. తన క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా వస్తుంది, దాన్ని తీయించి ఏ అప్పులు తన పేరున ఉన్నాయో చూపిస్తాను. మీ షాపులోనే ఆ పని అరగంటలో అవుతుంది. డిస్క్ తుడిచేది కూడా ఆ ఫిర్యాదు ఒక కొలిక్కి వచ్చాకే అనుకోండి, ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

అక్కకు ఈ సాయంత్రమే ఫోన్ చేయండి. పాటలు పోయాయని మొదలుపెట్టకండి, నీ ఫోన్‌లో అమ్మ బతుకమ్మ పాటలు ఏమున్నాయో చూడవా అని అడగండి. ఆమె ఫోన్ మార్చే ఆలోచనలో ఉంటే, పాతది ఎవరికీ ఇవ్వకుండా ఆపమనండి.